హెక్టర్‌కి చేతులు ఎందుకు లేవు

సర్రియల్ చిత్రం, అంటే కలలో కనబడేలాంటి వింత చిత్రం, కనబడగానే మనలో చాలామంది అనే మాట ఒకటుంది. "ఇలాంటివాటికి ఫలానా అర్థం అని ఉండదండీ, ఎవరికి తోచింది వాళ్ళు అనుకోవడమే." వినడానికి ఎంతో పెద్దమనసుతో అన్నట్టుంటుంది. నాకు మాత్రం ఆ మాట విన్నప్పుడల్లా ప్రాణం ఉసూరుమంటుంది. ఎందుకంటే అలా అన్నాక ఎవరూ ఆ చిత్రం వైపు ఇంకో నిమిషం చూడరు. తోచింది తోచేసింది, ఇక చూడటానికేముంది?

చిత్రంలో ఉన్నది బొమ్మలాంటి మనిషైతే మరీ కష్టం. అప్పుడు అందరికీ తోచేది కూడా ఒకటే. మనిషి విధి చేతిలో కీలుబొమ్మ, ఆడించేవాడు పైన ఉన్నాడు, ఆడేవాళ్ళం మనం. కాస్త రాజకీయం తెలిసినవాళ్ళయితే పైవాడి స్థానంలో ప్రభుత్వాన్నో మార్కెట్‌నో పెడతారు. మిగతాదంతా అదే. ఈ వేదాంతం మనకు ఉగ్గుపాలతో వచ్చింది కాబట్టి నాలుక చివరే ఉంటుంది. కానీ చిత్రం చూడకముందే మన దగ్గరున్న అర్థం ఆ చిత్రానిది ఎలా అవుతుంది?

ఎంత కలలాంటి చిత్రమైనా కొన్ని అర్థాలను ఒప్పుకుంటుంది, కొన్నిటిని ఒప్పుకోదు. ఒప్పుకోదని తెలియాలంటే అందులో ఏముందో, ఏం లేదో ఓపిగ్గా చూడాలి. దీనికి నేనెప్పుడూ చూపించే చిత్రం ఇటలీ చిత్రకారుడు జోర్జో డి కిరికో 1917లో గీసిన 'హెక్టర్, ఆండ్రోమకి'. అచ్చులో, తెర మీద ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. ఇప్పటికీ మొదట చూపు పడేది ఆ రెండు తలల మీదే.

రెండు బొమ్మలు పక్కపక్కన నిలబడి ఉంటాయి. బట్టల షాపులో చీర కట్టి నిలబెట్టే బొమ్మకీ, బొమ్మలు వేసేవాళ్ళు కొలతల కోసం బల్ల మీద పెట్టుకునే కీళ్ళ కొయ్యబొమ్మకీ మధ్య రకం. తలలు కోడిగుడ్డు ఆకారంలో నున్నగా ఉంటాయి. వాటి మీద గీతలే తప్ప కళ్ళు లేవు, ముక్కు లేదు, నోరు లేదు. ఒంటి నిండా చెక్క ముక్కలు, త్రికోణాలు, టీ-స్క్వేర్ లాంటి పరికరాలు, చట్రాలు. ఇంజినీరు బల్ల మీది సరంజామా అంతా తెచ్చి మనిషి ఆకారంలో నిలబెట్టి బిగించినట్టుంటుంది. కిరికో తండ్రి ఎవరిస్టో, గ్రీసులోని థెస్సలీలో రైలుమార్గం పనులు చూసిన ఇంజినీరు. కిరికో పుట్టింది కూడా ఆ ప్రాంతంలోని వోలోస్ ఊళ్ళోనే, 1888లో. స్కేళ్ళూ త్రికోణాలూ ఆ పిల్లాడికి ఇంట్లో కనబడే వస్తువులు.

రెండు తలలూ ఒకదానివైపు ఒకటి వాలి ఉంటాయి, తాకీ తాకనంత దగ్గరగా. బొమ్మలకు చేతుల్లేవు.

మా అమ్మకు ఈ చిత్రం ఫోన్‌లో చూపించాను, పేరు చెప్పకుండా. కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసి, "ఏంటే ఇవి, చేలో దిష్టిబొమ్మల్లా ఉన్నాయి" అంది. తర్వాత ఫోన్ ఇచ్చేయబోయి మళ్ళీ దగ్గరకు తీసుకుంది. "పాపం, చేతుల్లేవేంటే వీళ్ళకి?"

"ఎందుకమ్మా పాపం అన్నావు?"

"మరి అంత దగ్గరకొచ్చి పట్టుకోలేకపోతున్నారు కదే."

మా అమ్మకు కిరికో ఎవరో తెలియదు, హెక్టర్ ఎవరో తెలియదు. ఆ 'పాపం' నాకు చాలా విలువైన మాట. చిత్రకళ మీద వచ్చే వ్యాసాలు చాలావాటిలో ఆ మాట ఉండదు. చిహ్నం, ప్రతీక, అచేతనం, యాంత్రిక నాగరికత, ఇవన్నీ ఉంటాయి. ఇద్దరు మనుషులు పట్టుకోవాలనుకుని పట్టుకోలేకపోతున్నారన్న సంగతి మాత్రం జారిపోతుంది.

ఇప్పుడు కీలుబొమ్మ వాదం దగ్గరకు వస్తాను. చిత్రం పై అంచు దాకా వెతకండి. తాడు లేదు. ఆడించే చెయ్యి లేదు, చెయ్యి నీడ లేదు. ఈ బొమ్మల్ని నిలబెడుతున్నది కిందినుంచి, పక్కనుంచి ఊతమిచ్చిన కర్రలు. పడిపోకుండా ఊతాలు పెట్టారు. పైనుంచి వేలాడే బొమ్మకీ కింద ఊతం పెట్టి నిలబెట్టిన బొమ్మకీ చాలా తేడా ఉంది. వేలాడే బొమ్మ తాడు తెగితే కుప్పకూలుతుంది, తాడు కదిలితే నాట్యమాడుతుంది. దాని బలమూ బలహీనతా రెండూ ఆడించేవాడివే. ఊతం పెట్టిన బొమ్మను ఎవరూ ఆడించరు. అది నిలబడటానికే అవస్థ పడుతోంది.

ఈ తేడా తెలుగువాళ్ళకు ఇంకొంచెం సులువుగా పట్టుబడాలి, తోలుబొమ్మలాట చూసినవాళ్ళకైతే మరీనూ. చిన్నప్పుడు మా వైపు జాతరలో ఆట వేస్తుంటే పిల్లలం తెర వెనక్కి దూరేవాళ్ళం. ముందు నుంచి చూస్తే ఆంజనేయుడు ఎగురుతుంటాడు. వెనక నుంచి చూస్తే చెమటతో తడిసిన ఒక మనిషి, కాళ్ళ కింద చెక్కలను టకటకా తొక్కుతూ, నోటితో పద్యం పాడుతూ, ఒక చేత్తో బొమ్మ నడుమ కర్రను పట్టుకుని రెండో చేత్తో బొమ్మ చేతులకున్న సన్నని పుల్లల్ని తిప్పుతుంటాడు. ఆ బొమ్మలో నిజంగా ప్రాణం ఉండేది చేతుల్లోనే. భుజం దగ్గర, మోచేయి దగ్గర కీళ్ళు పెట్టి చేసేది అందుకే. కోపం, వేడుకోలు, సవాలు, ఏడుపు అన్నీ చేతులతోనే పలుకుతాయి. ఇక ముఖంలో పెద్ద కన్ను. పక్కనుంచి చెక్కిన ముఖమైనా సరే, కన్ను మాత్రం చెవి దాకా సాగినంత పెద్దగా, వెలుగు పడితే ఆ కన్నే ముందు కనబడేలా ఉంటుంది.

కిరికో తీసేసినవి సరిగ్గా ఆ రెండే. కన్ను, చెయ్యి. బొమ్మలాటకు ఏవి ప్రాణమో అవి రెండూ లేని బొమ్మల్ని తెచ్చి నిలబెట్టి, ఆడించేవాడిని కూడా తీసేస్తే అది బొమ్మలాట ఎలా అవుతుంది? ఇది మన బొమ్మలు చూసి ఆయన వేసిన చిత్రం అని నేను అనడం లేదు. తెర వెనక ఆ పుల్లల్ని చూసి పెరిగిన కళ్ళకు ఇక్కడ ఏవి లేవో ఇట్టే తెలుస్తుందని మాత్రం అంటున్నాను.

పేరు సంగతికి వస్తే, చాలామంది 'ఏదో గ్రీకు కథ' అనుకుని దాటేస్తారు. దాటేయకూడదు. గ్రీకు కవి హోమర్ రాసిన యుద్ధకావ్యం ఇలియడ్ ఆరో సర్గలో వస్తుంది ఈ ఘట్టం. గ్రీకులు ముట్టడించిన ట్రాయ్ నగరపు యువరాజు హెక్టర్ యుద్ధం మధ్యలో కాసేపు కోటలోకి వస్తాడు. భార్య కోసం ఇంటికి వెళ్తే ఆమె అక్కడ ఉండదు. యుద్ధం చూడటానికి బురుజు ఎక్కిందని చెబుతారు. అతను మళ్ళీ వీధుల వెంట నడిచి స్కియన్ ద్వారం దగ్గరకు వచ్చేసరికి ఆమె పరుగెత్తుకుంటూ ఎదురొస్తుంది, వెనక ఆయా చేతిలో పసివాడు. ఆమే ఆండ్రోమకి. ఆమె తండ్రినీ, ఏడుగురు అన్నదమ్ములనూ చంపింది గ్రీకు వీరుడు అకిలీస్. తల్లి కూడా పోయింది. నాకు తండ్రీ తల్లీ అన్నా భర్తా అన్నీ నువ్వే, వెళ్ళొద్దు, అత్తిచెట్టు దగ్గర గోడ బలహీనంగా ఉంది, సైన్యాన్ని అక్కడ నిలబెట్టి ఇక్కడినుంచే కాపాడు అని ఏడుస్తుంది. అతను వెళ్ళకపోతే ఊళ్ళోవాళ్ళ ముఖం చూడలేనంటాడు. ట్రాయ్ పడిపోయే రోజు వస్తుందని తనకు తెలుసంటాడు. అప్పుడు తండ్రి కోసం, తల్లి కోసం, తమ్ముళ్ళ కోసం పడే బాధ కంటే నిన్నెవడో ఈడ్చుకుపోయి నీళ్ళు మోయించుకుంటాడన్న బాధే నాకు ఎక్కువ అంటాడు.

తర్వాత పసివాణ్ణి ఎత్తుకోబోతే వాడు శిరస్త్రాణం మీద ఊగుతున్న గుర్రపు వెంట్రుకల కుచ్చు చూసి జడుసుకుని ఆయా గుండెకు అతుక్కుపోతాడు. తల్లీ తండ్రీ ఇద్దరూ నవ్వుతారు. అతను శిరస్త్రాణం తీసి నేల మీద పెట్టి, బిడ్డను ముద్దాడి ఎత్తుకుంటాడు. బిడ్డను భార్య చేతికిస్తాడు. ఆమె కన్నీళ్ళతోనే నవ్వుతుంటే జాలి కలిగి, చేత్తో నిమురుతాడు.

చేత్తో నిమురుతాడని హోమర్ రాశాడు. విడిపోయేముందు వాళ్ళిద్దరి మధ్య ఉన్న ఆఖరి స్పర్శ అది. మళ్ళీ వాళ్ళు కలుసుకోరు. ఇరవై రెండో సర్గలో అకిలీస్ అతన్ని చంపుతాడు. గ్రీసులో పుట్టి, ఏథెన్స్‌లో చిత్రకళ చదివిన కిరికోకి ఈ ఘట్టం గోరుముద్దలతో వచ్చిన కథ లాంటిది. ఆయన ఆ ఆఖరి స్పర్శనే చిత్రంలో అసాధ్యం చేశాడు. చేతులు ఎందుకు లేవన్న మా అమ్మ ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. మూలకథలో ఉన్న చెయ్యిని ఆయన కావాలనే తీసేశాడు.

ఇక్కడ కీలుబొమ్మ వాదులు నాకు గట్టి సమాధానమే చెప్పొచ్చు. ఆ నిమిరిన వెంటనే హెక్టర్ అనే మాట విధి గురించే కదా? రాసిపెట్టిన దానికి ముందు నన్నెవరూ పైకి పంపలేరు, రాసిపెట్టినదాన్ని పిరికివాడైనా ధీరుడైనా తప్పించుకోలేడు అంటాడు. పైగా ఇలియడ్ నిండా దేవతలే. హెక్టర్ చావును నిర్ణయించడానికి దేవతల రాజు జ్యూస్ బంగారు త్రాసు తీసి తూస్తాడు. ఇంతకంటే కీలుబొమ్మ ఎక్కడుంటాడు?

మంచి ప్రశ్న, నేను దీన్ని తేలిగ్గా తీసుకోను. కానీ చిత్రం చూడండి. దేవతలు లేరు. జ్యూస్ లేడు, త్రాసు లేదు. కావాలంటే ఎంత సులువుగా పెట్టేవాడు! గ్రీకు విగ్రహాల్ని తన చిత్రాల్లోకి ఎన్నిసార్లు తెచ్చాడో కిరికో. దాదాపు అదే కాలంలో గీసిన 'కలవరపెట్టే కళాదేవతలు' చిత్రంలో వెనక నీడలో అపోలో విగ్రహం ఉంది, దూరంగా ఇటలీలోని ఫెర్రారా పట్టణపు కోట ఉంది, ఫ్యాక్టరీ గొట్టాలున్నాయి. దేవుణ్ణి ఎక్కడ పెట్టాలో తెలిసిన మనిషి ఇక్కడ పెట్టలేదు. హోమర్‌లోనైనా విధి మాట అనకముందు హెక్టర్ తన సంగతి తానే తేల్చుకున్నాడు. సిగ్గు, మర్యాద, ముందువరసలో నిలబడటం నేర్చుకున్న మనసు. ఇవన్నీ చెప్పాకే విధి మాట వస్తుంది, అదీ ఏడుస్తున్న భార్యను ఓదార్చడానికి. మన ఇళ్ళల్లోనూ అంతే కదా. "రాసిపెట్టి ఉంటే అలాగే జరుగుతుంది, నువ్వు బెంగపెట్టుకోకు" అని వెళ్ళేవాళ్ళు అంటారు. ఆ మాట ఉన్నవాళ్ళకి ధైర్యం చెప్పడానికే అంటారు, సిద్ధాంతం చెప్పడానికి కాదు.

రెండో వ్యాఖ్యానం యుద్ధానిది. ఇది చాలా బలమైనది, నాకు ఎక్కువ నచ్చేదీ ఇదే. అయినా పూర్తిగా ఒప్పుకోను.

1915 మేలో ఇటలీ మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగింది. అప్పటిదాకా పారిస్‌లో ఉన్న కిరికో, తమ్ముడితో కలిసి సైన్యంలో చేరడానికి వెనక్కి వచ్చాడు. ఆయన్ని ముందువరసకు పంపకుండా ఫెర్రారా పట్టణంలో గుమాస్తా పనిలో పెట్టారు. 1917లో అక్కడికి దగ్గర్లోనే, నరాల జబ్బులతో బాధపడే సైనికుల కోసం పెట్టిన విల్లా డెల్ సెమినారియో అనే ఆసుపత్రిలో కొన్నాళ్ళున్నాడు. చిత్రకారుడు కార్లో కర్రా కూడా అక్కడికే వచ్చాడు. ఇద్దరూ ఆ ఆసుపత్రిలోనే బొమ్మలు వేసుకున్నారు. ఆ ఏడాదే అక్టోబరులో కపొరెట్టో దగ్గర ఇటలీ సైన్యం ఘోరంగా ఓడిపోయింది. కాళ్ళు, చేతులు పోగొట్టుకుని కొయ్యకాళ్ళతో, తోలు పట్టీలతో తిరిగొచ్చిన కుర్రాళ్ళు యూరప్ వీధుల్లో ఎక్కడ చూసినా కనబడే రోజులవి. ఆ రోజుల్లో ఒక చిత్రకారుడు యుద్ధానికి వెళ్ళే భర్త, ఆపే భార్య కథ తీసుకుని వాళ్ళిద్దర్నీ చెక్కలతో, పట్టీలతో, ఊతకర్రలతో కట్టాడంటే ఆ వీధిని చూడకుండా చిత్రాన్ని చూడలేం.

కానీ తేదీలు అడ్డం వస్తాయి. ముఖం లేని బొమ్మ కిరికో చిత్రాల్లోకి వచ్చింది ఫెర్రారాలో కాదు, పారిస్‌లో, 1914 ప్రాంతంలో. ఆయన తమ్ముడు ఆండ్రియా, అల్బెర్టో సావినియో అనే పేరుతో రాసేవాడు, సంగీతం కట్టేవాడు. 1914లో అచ్చయిన అతని నాటకంలో గొంతు లేని, కళ్ళు లేని, ముఖం లేని మనిషి ఒక పాత్ర. అన్న బొమ్మలు అక్కడినుంచే మొదలయ్యాయని కళాచరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు. 1914-15 చలికాలంలో గీసిన 'ద్రష్ట' ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. అందులో చేతులు లేని బొమ్మ ఒక్కటే ఒక నల్లబల్ల ముందు కూర్చుని ఉంటుంది. బల్ల మీద కట్టడాల గీతలు. బొమ్మకు కళ్ళు లేవు, నుదుటి మీద నక్షత్రం లాంటి గుర్తు. కళ్ళు లేనివాడే ఎక్కువ చూస్తాడన్నది గ్రీకుల పాత నమ్మకం. జోస్యం చెప్పే టైరీసియస్ గుడ్డివాడు, హోమర్ కూడా గుడ్డివాడేనని ఐతిహ్యం.

కాబట్టి 'యుద్ధంలో చేతులు తెగిన సైనికుడే ఈ బొమ్మ' అని ఒక్క వాక్యంలో తేల్చేస్తే 1914 నాటి ద్రష్టకు చేతులు ఎందుకు లేవో చెప్పలేం. నా ఉద్దేశం ఇలా ఉంది. బొమ్మ ముందే ఉంది. ద్రష్టలో అది ఒంటరి. చూసే పని, జోస్యం చెప్పే పని దానిది. చేతులు లేకపోయినా దానికి లోటు తెలియదు, ఎందుకంటే పట్టుకోవడానికి పక్కన ఎవరూ లేరు. 1917 నాటికి అదే బొమ్మ పక్కన ఇంకో బొమ్మను తెచ్చి నిలబెట్టి, వాళ్ళకు హెక్టర్, ఆండ్రోమకి అని పేరు పెట్టేసరికి ఆ చేతులు లేకపోవడం మొదటిసారి నొప్పిగా మారింది. యుద్ధం చేసిన పని అదని నేను అనుకుంటాను. యుద్ధం ఆ బొమ్మను పుట్టించలేదు, దానికి పోగొట్టుకోవడానికి ఒక మనిషిని ఇచ్చింది.

మూడోది కలల వ్యాఖ్యానం. సర్రియలిస్టులు కిరికోని తమ పెద్దన్నగా చూశారు. వాళ్ళ నాయకుడు ఆంద్రె బ్రెటన్ బస్సులో వెళ్తూ ఒక గ్యాలరీ కిటికీలో కిరికో చిత్రం చూసి దిగిపోయాడని ప్రసిద్ధ కథ. కానీ సర్రియలిజం ప్రణాళిక వెలువడింది 1924లో. ఈ చిత్రం అంతకు ఏడేళ్ళ ముందుది. కిరికో, కర్రా తమ పద్ధతిని 'మెటాఫిజికల్', అంటే కంటికి కనబడేదానికి అవతలి, చిత్రకళ అన్నారు. తర్వాత కిరికో పాత గురువుల శైలికి మళ్ళేసరికి సర్రియలిస్టులు ఆయన మీద విరుచుకుపడ్డారు కూడా. ఈ ముద్ర వల్ల జరిగిన నష్టం ఒకటుంది. సర్రియల్ అనగానే కల అంటాం, కల అనగానే లాజిక్ వెతకం. 1911లో గీసుకున్న సొంత చిత్రం కింద ఆయన లాటిన్‌లో, చిక్కుముడిని కాక ఇంకేం ప్రేమించను అన్న అర్థంలో ఒక మాట రాసుకున్నాడు. దాన్ని పట్టుకుని 'చూశారా, ఆయనే చెప్పాడు, అర్థం ఉండదని' అంటారు. చిక్కుముడి అంటే అర్థం లేదని ఎలా అవుతుంది? ప్రతి పోగూ ఎక్కడో ఇంకో పోగుకి తగులుకుని ఉంటేనే దాన్ని చిక్కుముడి అంటాం. విడివిడిగా పడి ఉంటే అది వట్టి చెత్త.

ఒక సంగతి గురించి నేను చాలా ఆలోచించాను. కిరికో ఆ పసివాణ్ణి ఎందుకు వదిలేశాడు? ఆ ఘట్టం గీసిన చిత్రకారులు చాలామంది వాణ్ణి మధ్యలో పెట్టారు. పెద్ద శిరస్త్రాణం, బెదిరిన బిడ్డ, చేతులు చాచిన తండ్రి. గీయడానికి ఎంతో వీలైన దృశ్యం. నాకనిపించేది, బిడ్డ ఉంటే చేతులకు పని దొరుకుతుంది. ఎత్తుకోవాలి, అందించాలి, అందుకోవాలి. మాటలు కరువైనప్పుడు ఇద్దరు పెద్దవాళ్ళు బిడ్డ చాటున దుఃఖాన్ని దాచుకోవడం ప్రతి ఇంట్లో చూస్తాం. "నాన్నకి టాటా చెప్పు" అని తల్లి అంటే, ఆ టాటా ఆమెదే. కిరికో వాళ్ళకు ఆ చాటు కూడా మిగల్చలేదు. నవ్వు తెప్పించగలిగింది ఆ కథలో ఆ బిడ్డ ఒక్కడే, వాణ్ణి తీసేయడంతో నవ్వూ పోయింది. శిరస్త్రాణం తీసి నేల మీద పెట్టే అవకాశం కూడా పోయింది. ఈ హెక్టర్ తల ఎప్పటికీ ఆ నున్నటి గుడ్డు లోపలే ఉంటుంది.

నేను ఎక్కువ ఊహిస్తున్నానని అనుకునేవాళ్ళ కోసం ఇంకో చిత్రం చూపించి ఆపుతాను. 1922లో కిరికో 'తప్పిపోయిన కుమారుడు' గీశాడు. ప్రస్తుతం అది మిలాన్‌లో ఉంది. ఇల్లు వదిలి వెళ్ళిపోయి తిరిగొచ్చిన కొడుకు, తండ్రి కలుసుకునే బైబిలు కథ అది. కొడుకు ఇక్కడ కూడా అదే ముఖం లేని బొమ్మ. తండ్రి పాతకాలపు కోటు వేసుకున్న రాతి విగ్రహంలా ఉంటాడు. కిరికోకి పదహారేళ్ళప్పుడే, 1905లో, తండ్రి చనిపోయాడని తెలిస్తే ఆ రాయి ఎందుకో కొంత అర్థమవుతుంది. కొడుకు చచ్చిపోయి బతికాడని ఆ కథలో తండ్రి సంబరపడతాడు. కిరికో చిత్రంలో రాయిగా మారింది తండ్రి. ఈ బొమ్మకు మాత్రం చేతులున్నాయి. ఆ చేతులతో తండ్రిని పట్టుకుంది. అంటే కావాలనుకున్నప్పుడు ఈ బొమ్మలకు చేతులు ఎలా పెట్టాలో కిరికోకి తెలుసు. తిరిగొచ్చినవాడికి ఇచ్చాడు. వెళ్ళిపోతున్నవాడికి ఇవ్వలేదు.